అరవై నాలుగు అక్షరాలు

అక్క చివరగా చేసిన పని ఒక తెల్లకాగితం మీద అరవై నాలుగు అక్షరాలు రాయడం. నాలుగేసి చొప్పున పదహారు గుంపులు, నీలం సిరా, సున్నాలన్నిటికీ అడ్డగీత. ఆ కాగితాన్ని అంచు కనబడేలా కీబోర్డు కింద పెట్టి నాకు ఫోన్ చేసింది. అప్పుడు సాయంత్రం నాలుగున్నర.

"కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. వచ్చి చదివి పో."

నేను పనిచేసే గ్రంథాలయంలో ఆ రోజే కొత్త పుస్తకాల కట్టలు దిగాయి. వాటికి అట్టలు వేయాలి. బయట వాన. రేపు వస్తానన్నాను.

"రేపంటే రేపేనా, తొందరమ్మా? నీకు నిదానం ఎప్పుడు పట్టుబడిందే?" అని నవ్వింది.

మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ కూలిపోయింది. యాభై మూడేళ్లు.

అక్క ఇరవై ఆరేళ్లు ఒక వినికిడి కేంద్రంలో పనిచేసింది. మెట్లెక్కితే రెండు గదులు. లోపలి గదిలో ఇంకో బుల్లి గది, మందపాటి తలుపు, గాజు కిటికీ. చెవులు సరిగా వినబడనివాళ్లని అందులో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక మీట ఇచ్చేది. శబ్దం వినబడినప్పుడల్లా నొక్కాలి. ఆ లెక్కన ఒక్కొక్కరికి చార్టు తయారుచేసి, దాని ప్రకారం కంప్యూటరులోని సాఫ్ట్‌వేర్‌తో వాళ్ల చెవి యంత్రాన్ని సరిచేసేది.

సాఫ్ట్‌వేర్ విషయంలో ఆమెకి చాదస్తమని డాక్టరు గారు అనేవారు. కేంద్రం ఆయనదే. అక్క కాదనేది కాదు. "చాదస్తమేనండీ. తేడా వస్తే పిడుగు పడేది వాళ్ల చెవిలో కదా."

ఇంటర్నెట్ నుంచి ఏదైనా దించుకోవాలంటే యంత్రం తయారుచేసిన కంపెనీ సైటు చిరునామాని తనే వేలితో కొట్టి వెళ్లేది. ఇంటర్నెట్‌లో వెతికితే వచ్చే దారుల్లో అడుగుపెట్టేది కాదు. ఫైలు తెరవగానే, ఇది ఫలానావాళ్లది, అనుమతించాలా అని కంప్యూటరు అడుగుతుంది. మనలో చాలామంది ఆ ప్రశ్న చదవం. అక్క కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదివేది. తలుపు కొట్టింది ఎవరో అడక్కుండా గడియ తీస్తావా అని నన్ను దెప్పేది. అంతకంటే ముందు గుర్తు సరిచూడాలి. కంపెనీవాళ్లు ఫైలు పక్కనే, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిన, అరవై నాలుగు అక్షరాల గుర్తు పెడతారు. దిగిన ఫైలు నుంచి మన కంప్యూటరూ అలాంటి గుర్తే తీస్తుంది. రెండూ పొల్లు పోకుండా కలిస్తే, ఆ ఫైల్లో దారిలో ఎవరూ వేలు పెట్టలేదన్నమాట. కలిశాక కూడా, ఇంటర్నెట్ తీగ పీకేసిన పాత కంప్యూటరు మూలన ఒకటుండేది, అందులో మూడు రోజులు నడిపి చూసేది.

గుర్తు సరిచూసే పని ఇద్దరిది. కంపెనీ గుర్తుని అక్క కాగితం మీద రాసిపెట్టేది. అది నేను పైకి చదవాలి, మన కంప్యూటరు తీసినదాన్ని అక్క తెర మీద చూస్తూ గుంపు గుంపుకీ "ఊఁ" అని కాగితం మీద టిక్కు పెట్టాలి. బీ, డీ చెవికి కవల పిల్లలని తనకి తెలుసు. అందుకని బొంగరం బీ, డబ్బా డీ అని చదివించేది. బయట కూర్చున్నవాళ్లు మాకు పిచ్చెక్కిందేమోనని తొంగిచూసేవారు.

పదేళ్ల కిందటిదాకా నేనూ అక్కడే ముందు గదిలో ఉద్యోగం చేసేదాన్ని. అక్క సెలవులో ఉన్న రోజు ఒక ముసలాయన వచ్చాడు. ఆయన యంత్రాన్ని కంప్యూటరు గుర్తుపట్టలేదు. ఆయనకి బస్సు టైమవుతోంది. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ కోసం నేను వెతికాను, మొదట కనబడిన పేజీలో పెద్ద పచ్చ బటన్ నొక్కాను. ఎవరిదో తెలియదు, అనుమతించాలా అని కంప్యూటరు అడిగింది. అవునన్నాను. సాయంత్రానికి మూడువందల పన్నెండు మంది చార్టుల్లో ఒక్కటీ తెరుచుకోలేదు. చార్టులు కాపీ చేసిన డిస్కుని ఎప్పటికప్పుడు తీసి సొరుగులో పెట్టాలని అక్క నియమం. శనివారం మళ్లీ తగిలించాలి కదా అని నేను దాన్ని కంప్యూటరుకే వదిలేశాను. అదీ పోయింది.

"డిస్కు కూడానా?" అని మాత్రం అడిగింది అక్క. తర్వాత ఏడు నెలలు ఒక్కొక్కరినీ పిలిచి, ఆ బుల్లి గదిలో కూర్చోబెట్టి, మొదటినుంచీ పరీక్షలు చేసింది. నేను ఉద్యోగం మానేశాను. బతికున్నంతకాలం ఆ గదుల్లో మళ్లీ కంప్యూటరు ముట్టనన్నాను.

"ముట్టద్దులే. కళ్లు నావి, నోరు నీది. వచ్చి చదువు చాలు" అంది.

అలా తొమ్మిదేళ్లు, ఏడాదికి నాలుగైదుసార్లు. చదవడం పది నిమిషాలు. టీ, కబుర్లు చీకటి పడేదాకా.

ఇప్పుడు కరెంటు బిల్లు మీద నంబరు చదివినా నాలుగో అంకె దగ్గర నా నోరు ఆగిపోతుంది. గ్రంథాలయంలో పుస్తకాల సంఖ్యలు సరిచూస్తుంటే అల్మరా అవతల ఎవరో "ఊఁ" అంటారు. నేను తర్వాతి నాలుగూ చదువుతాను. చదవకపోతే అక్కడ ఎవరినో నిలబెట్టేసినట్టుంటుంది.

నెల తర్వాత అక్క వస్తువులు తెచ్చుకోవడానికి వెళ్లాను. కాగితం కీబోర్డు కిందే ఉంది. ఒక్క టిక్కూ లేదు. నేను రాకపోబట్టి ఆగిపోయిన పని అది. నేను మానేశాక చేరినావిడ ఇప్పుడు అక్క కుర్చీలో కూర్చుంటోంది. ఒక్కసారి తెర వైపు చూడండి, నేను చదువుతానన్నాను. ఆవిడ ఆ గుర్తు తెర మీద తెరిచి, పెన్ను తీసుకుంది. బొంగరం బీ, డబ్బా డీ అంటూ పదహారు గుంపులూ చదివాను. పదహారు టిక్కులు.

"కలిసింది. ఇంక మూల కంప్యూటరులో పెట్టి చూడండి" అన్నాను.

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "అదయ్యి, ఇందులోనూ మేడం అప్పుడే పెట్టేశారండీ."

"ఎవరు చదివారు?"

"చదవక్కర్లేదండీ. గుర్తు ఇక్కడ అతికిస్తే కలిసిందో లేదో కంప్యూటరే చెప్పేస్తుంది. మేడం ఎప్పుడో చేసిపెట్టారు, నేను చేరేసరికే ఉంది." సొరుగు లాగుతూ అంది: "మీరొచ్చే రోజు నాలుగు తర్వాత ఎవరికీ టైమ్ ఇవ్వద్దనేవారు."

సొరుగులోంచి అక్క రిజిస్టరు తీసి ఇచ్చింది. ఏ సాఫ్ట్‌వేర్ ఎప్పుడు పెట్టిందీ అందులో రాసుకునేది. చివరి వరుసలో అక్క ఫోన్ చేసిన రోజు తేదీ, కింద అదే నీలం సిరాతో:

రెండూ కలిశాయి. మూల కంప్యూటరులో మూడు రోజులు నడిచింది. ఇందులో పెట్టాను. మధ్యాహ్నం మూడూ పది.

నాకు ఫోన్ వచ్చింది నాలుగున్నరకి.