చేప కోసం కోడికి గుండు

నిన్న మద్దేడ్ బజార్‌లో మా బాబాయి పరువు నా కత్తెర వల్ల గంగలో కలవాల్సింది. ఏం జరిగిందో వినండి, నవ్వితే నవ్వండి.

నాకు కుదురు లేదు కదా! ఈమధ్య ఫోన్లో చూసి ఫ్లై ఫిషింగ్ మొదలుపెట్టాను. వానపాములతో పని లేదు. గాలానికి ఈకలు చుట్టి దొంగ ఈగని చేసి, నీళ్ల మీద వాలినట్టు విసిరితే చేప మోసపోతుంది. వీడియోల్లో పడేది ట్రౌట్ అనే చలిదేశపు చేప. మన ఇంద్రావతిలో అదెక్కడ! ఏదో ఒకటి పడకపోతుందా అనుకున్నాను.

ఆ ఈగకి కోడిపుంజు మెడ ఈకలే బెస్ట్ అట. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే పుంజు. ఆదివారం మద్దేడ్ బజార్‌లో కోడిపందెం కోసం బాబాయి బాదంపప్పు పెట్టి పెంచుతున్నది!

శనివారం మధ్యాహ్నం ఆయన దుకాణంలో కునుకు తీస్తుంటే, పుంజు మెడకి కుడివైపు కాసిని ఈకలు కత్తిరించాను. వంకరగా కనిపించింది. ఎడమవైపు సరిచేశాను. ఇప్పుడు కుడివైపు ఎక్కువైంది! మన జుట్టు మనమే కట్ చేసుకుంటే ఏమవుతుందో తెలుసుగా, అదే అయింది. చివరికి మెడ నున్నగా మిగిలింది.

పెద్ద చేప తెస్తే బాబాయి కోపం సగమైనా తగ్గుతుందని, ఆ ఈకలతో ఈగని కట్టుకుని నదికి పరిగెత్తాను. టేకు చెట్ల నీడ, రాళ్ల మధ్య తేటనీళ్లు, ఎంత బాగుందో! విసురుతున్నాను, చేపలు చూసి పోతున్నాయి. ఇంతలో వెనక బండి చప్పుడు. చంకలో పుంజుతో బాబాయి!

“ఏందే ఇది? నా కోడికి గుండు కొట్టినవ్! ఏ దేవుడి మొక్కే?”

అదిరిపడి గాలం కర్ర ఊపాను. అప్పుడే లాగింది చేప!

“వదులు, దారం వదలవే! ఆఁ, ఇగ లాగు!” తిట్లు మర్చిపోయి, పుంజుని నా చేతిలో పెట్టి, కర్ర తనే లాక్కున్నాడు. మోచేతి పొడవు చేప!

పులుసు అదిరింది. కానీ పందెం? మద్దేడ్ వాళ్లకి మాటిచ్చేశాడు. పోకపోతే భయపడ్డాడంటారు, పోతే నవ్వుతారు. పోయాడు. దుపట్టాలో మొహం దాచుకుని నేనూ వెనకే.

ఎవరూ నవ్వలేదు. ఆ బోడి మెడ చుట్టూ తిరిగి తిరిగి చూసి, “ఏ జాతి కోడి, సేఠ్?” అని మెల్లగా అడిగారు.

బాబాయి రెప్ప వేయలేదు. “బాహర్ కా మాల్ హై!”

అంతే! బయటి సరుకు మీదికి భయపడి ఒక్కడూ తన కోడిని దించలేదు. ఆ సంబరంలో బాబాయి కడుపులో ఏదీ దాగలేదు. తిరిగొచ్చే దారంతా కనిపించిన ప్రతివాడికీ అసలు కథ చెప్పేశాడు.

ఇవాళ పొద్దున దుకాణం తలుపు తీసేసరికి చంకల్లో పుంజులతో ఇద్దరు నిలబడి ఉన్నారు.

“కటింగ్ చేసే అమ్మాయి లేచిందా?”