పాట గాయనిది, మూలుగు మా టీచరు గారిది

మా భజన టీచరు గారు పోయారని ఎదురింటి వదిన గేటు దగ్గర చెప్పింది. ఏడుపు కంటే ముందు నాకు సిగ్గు వచ్చింది. ఎందుకో మీకు చెప్పుకోవాలి.

ఆవిడ ఫిల్మ్ నగర్‌లో మా వెనక వీధిలో ఉండేవారు. ఒకప్పుడు సినిమాలకు ట్రాక్ పాడేవారు. పేరున్న గాయని వచ్చేలోపు పాటంతా పాడి ఉంచడం, ఆ గాయని పాడాక ఈ గొంతు తీసేయడం, అదీ ఆ పని. ఆ అలవాటు కొద్దీ గుడిలో మాకు భజనలు నేర్పేటప్పుడు కూడా ఊపిరి తీసుకోవాలంటే ముఖం పక్కకు తిప్పేవారు. "ఊపిరి మైకులో పడకూడదమ్మా. అది మన సొంతం," అనేవారు.

పోయిన వినాయక చవితికి మా అపార్ట్‌మెంట్ సెల్లారులో పిల్లల డాన్సులు పెట్టాం. నా మనవరాలికి ఏడేళ్లు. ఆడపిల్లను బిర్యానీతో పోల్చే ఐటమ్ పాట ఒకటి పెట్టారు. పాటలో మూలుగు వచ్చినప్పుడల్లా మా పిల్ల పెదవి కొరికి నడుం తిప్పింది. ఈలలు వేశారు. ఆ లంగా కుట్టింది నేనే. మురిసిపోతూ చప్పట్లు కొట్టాను.

టీచరు గారు లేచి పాట ఆపమన్నారు.

"గిదేంది టీచరమ్మా, చిన్నపిల్లలు. జర ఖుషీగా ఆడుకోనియ్యి," అన్నాడు అసోసియేషన్ ప్రెసిడెంటు.

"ఆ మూలుగులు నావండీ," అన్నారావిడ మెల్లగా. "పాట పాడినావిడ ఇవి మాత్రం నేను చెయ్యనంది. ట్రాకులో ఉన్న నావే ఉంచేశారు. అప్పటికే నాకు మోకాళ్ల నొప్పులు."

"గట్లయితే మీకే వన్స్ మోర్ కొట్టాలె," అన్నాడెవరో. అందరం నవ్వాం.

ఆవిడ నవ్వలేదు. మా పిల్ల దగ్గరికి వెళ్లి కొంగుతో లిప్‌స్టిక్ తుడిచారు. "బంగారం, ఈ పాటలో ఆకలంతా మగాడిది. పిల్లేమో వంటకం. నువ్వు వంటకానివా?"

"కాదు," అంది అది, ఏడుపు మొహంతో.

తర్వాతి శుక్రవారం భజనకు సగం మంది రాలేదు. "ఆ నోటితోనా అమ్మవారి పాట?" అన్నారు. ఆ పాటకు పిల్లను ఆడించినదాన్ని నేను. కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడ మాత్రం వచ్చిన నలుగురికీ ఎప్పటిలాగే నేర్పి వెళ్లారు. ఇప్పుడు టీవీలో ఏ పాట వచ్చినా మా పిల్ల, "ఇందులో ఆకలి ఎవరిది అమ్మమ్మా?" అంటుంది. ఆవిడ మా ఇంటికి ఇచ్చి వెళ్లింది అది.

పదకొండో రోజున ఆవిడ తమ్ముడు ఫోటో ముందు దీపం పెట్టి మావైపు తిరిగాడు. "అక్క పాడింది ఎవరి దగ్గరైనా ఉంటే వినిపించండమ్మా. సినిమాల్లో ఏదీ మిగల్లేదు," అన్నాడు.

అందరం ఫోన్లు తీశాం. ఎవరి దగ్గరా ఒక్క భజన లేదు. చవితి నాటి ఆ డాన్సు వీడియో మాత్రం అందరి దగ్గరా ఉంది. ఎవరి వేలూ దాని మీద పడలేదు. ఆయన ఎదురుచూస్తూ కూర్చున్నాడు. మా చేతుల్లో తెరలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి.