అడుగంటిన గంజి

నా చిన్నప్పుడు నేను నోరారా తిట్టిన మొదటి మనిషి మా అబ్బా. కన్నతండ్రిని అంత మాట అంటావా అని మా నానమ్మ చెంప మీద ఒకటి ఇచ్చేది. నేను తిట్లు మానలేదు, ఆయన సారా మానలేదు. అమ్మీ చెవి కమ్మలు కూడా ఆ సారా కొట్టు దారే పట్టాయి. ఆ కమ్మలు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆయన పెళ్ళి వంటలు చేసేవాడు. తిరువూరులోనే కాదు, విస్సన్నపేట నుంచి కూడా బస్సెక్కి వచ్చి మరీ పిలుచుకుపోయేవారు. ఎ.కొండూరులో ఒక పెళ్ళిలో బియ్యం పొయ్యి మీద పెట్టి, తాగి పందిరి వెనక పడిపోయాక ఆ పిలుపులు ఆగిపోయాయి. ఇక మిగిలింది రంజాన్ నెలలో మసీదు గంజి వండడం ఒక్కటే. అదీ పోతే ఆయన్ని మనిషిగా చూసి పిలిచే చోటు ఊళ్ళో ఇంకొకటి లేదు.

గంజి అంటే అన్నం వార్చిన గంజి కాదు. బియ్యం, పెసరపప్పు, కాస్త కైమా, పుదీనా వేసి వండుతారు. మధ్యాహ్నం తిరిగి నాలుగయ్యాక అసర్ నమాజు వేళకి పొయ్యి మీద పెడితే, పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినపడేదాకా తెడ్డుతో కలుపుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందా, అడుగంటుతుంది. సారా కొట్టు మా అబ్బాని లాగేది కూడా సరిగ్గా ఆ వేళకే.

ఆ ఏడు రంజాన్ నాలుగో రోజున గిన్నె పట్టుకుని మసీదుకు వెళ్ళాను. వెనక పాకలో పొయ్యి మండుతోంది, తెడ్డు గంజి డేగిసాలో నిలబడి ఉంది, అబ్బా లేడు. మాడు వాసన వీధి దాకా కొట్టింది. కాసేపటికి తూలుతూ వచ్చాడు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని జనం ఊరుకుంటారా? తాగినవాడి చేతి గంజితో ఉపవాసం విడవాలా అని సైకిల్ షాపు పెద్దాయన తన గిన్నె నేలకేసి కొట్టాడు. ఇంకొకాయన అబ్బా మెడ పట్టి గేటు వైపు నెట్టాడు. అందరికంటే గట్టిగా అరిచింది మాత్రం నేనే. "తరిమెయ్యండి! మళ్ళీ రానివ్వకండి!" అన్నాను. పదేళ్ళ కూతురి నోట ఆ మాట విని ఆయన తల ఎత్తలేదు. నాకు జాలి కలగలేదు. హాయిగా అనిపించింది. ఉన్నమాట చెబుతున్నాను.

అజాన్ అయింది. మాకు నమాజు చదివించే ముసలి హజరత్ ముందుకొచ్చారు. ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, ఆ మాడు గంజే పోయించుకుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగారు. ఆ తర్వాత నోరు విప్పారు.

"రేపు కూడా ఇతనే వండుతాడు. కాకపోతే ఒంటరిగా కాదు. అసర్ నుంచి మగ్రిబ్ దాకా రోజుకొకరు పక్కన కూర్చోండి. ఎవరు ఎక్కువ అరిచారో వాళ్ళతోనే మొదలు."

"తాగుబోతుకి మేం కాపలానా హజరత్, ఏంటండీ ఇది?" అన్నాడు సైకిల్ షాపు పెద్దాయన.

"కాపలా కాదు భాయ్, కూర్చోడమే. ఇష్టం లేకపోతే మాట్లాడకు."

ఆ లెక్కన మొదటి వంతు నాదే అయింది. పళ్ళు కొరుకుతూ వెళ్ళాను. హజరత్ నా చేతికి ఇంకో తెడ్డు ఇచ్చి నమాజుకు వెళ్ళిపోయారు. ఎండ వాలుతున్నకొద్దీ అబ్బా చేతులు వణకడం మొదలైంది. చెమటతో చొక్కా తడిసిపోయింది. కళ్ళు మాటిమాటికీ గేటు వైపే పోతున్నాయి. తాగుడంటే పొగరనీ, మేమంటే లెక్కలేనితనమనీ అనుకునేదాన్ని. ఆ వణుకు నేనెప్పుడూ చూడలేదు, ఎందుకంటే ఆ వేళకు ఆయన ఏనాడూ ఇంట్లో లేడు. చివరికి తెడ్డు వదిలేసి లేచాడు. నాకు ప్రేమగా ఒక్క మాట కూడా నోటికి రాలేదు.

"అడుగంటుద్ది. కూర్చో," అని కసిరాను.

గేటు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. కూర్చున్నాడు. ఆ రోజు ఉప్పు తక్కువైందని సణుగుతూనే అందరూ గంజి తాగారు.

మర్నాడు సైకిల్ షాపు పెద్దాయన వచ్చి, అబ్బాకి వీపు పెట్టి, అజాన్ దాకా తస్బీ పూసలు తిప్పుతూ కూర్చున్నాడు. లేచి మాత్రం పోలేదు. అలా నెల గడిచింది. పండగైన మూడో రోజే అబ్బా మళ్ళీ తాగాడు. నేను మళ్ళీ తిట్టాను. హజరత్ మాత్రం రోజూ అసర్ అవగానే ఎవరో ఒకరిని మా ఇంటికి పంపి అబ్బాని పిలిపించేవారు. మసీదు చాపలు కుట్టాలనో, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే హౌజులో నీళ్ళు నింపాలనో ఏదో ఒక పని ఉండేది. పడుతూ లేస్తూ రెండేళ్ళు పట్టింది, ఆయన పూర్తిగా మానడానికి.

నేను ఆయన్ని క్షమించానని ఎవరైనా అంటే ఒప్పుకోను. కానీ నా వంతు ఏనాడూ తప్పలేదు.

ఈమధ్య పక్కింటావిడ తాగుడుకు బానిసైన తమ్ముడి గురించి చెబుతూ, వాడి మొహం చూస్తేనే ఒళ్ళు మండుతోంది పిన్నీ అంది. మండనివ్వమన్నాను. మండుతూనే వెళ్ళి పక్కన కూర్చో, సాయంత్రం నాలుగింటికల్లా వెళ్ళు అని చెప్పాను.