చెన్నయ్య పాట ఎన్ని నోళ్లు మారింది

తొంభయ్యో దశకం మొదట్లో ప్రొద్దుటూరులో బట్టల దుకాణం మేడమీద నేనొక చిన్న రికార్డింగ్ స్టూడియో పెట్టాను. గోడలకు గోనెసంచులు, వాటిమీద దుప్పట్లు కొట్టి వీధి చప్పుడు లోపలికి రాకుండా చేసుకున్నాను. భజన పాటలు, నాటకాల పద్యాలు, ఎన్నికలొస్తే ప్రచారం పాటలు రికార్డు చేసేవాణ్ణి. అందరూ నన్ను మస్తానన్న అనేవారు.

ఒకరోజు ముద్దనూరు పక్క పల్లె నుంచి భజన బృందం వచ్చింది. పాటలన్నీ అయ్యాక క్యాసెట్ రెండో వైపు కాస్త టేపు మిగిలింది. బృందం పెద్ద తన వెనక కూర్చున్న ఒకామెను చూపించి, "మా ఓబులమ్మ పాటొగటుంది. పెట్టన్నా, శానా బాగుంటాది" అన్నాడు.

ఓబులమ్మది గొర్రెలు కాసే కుటుంబం. ఆమె తమ్ముడు చెన్నయ్య ఏ పార్టీవాడూ కాదు. జమ్మలమడుగు రోడ్డు వెంట మందను తోలుకొస్తుంటే, రెండు పార్టీల జీపులవాళ్లు ఒకరిమీద ఒకరు బాంబులు వేసుకున్నారు. మధ్యలో వాడు పోయాడు. ఎవరి బాంబు తగిలిందో ఎవరూ తేల్చలేదు. దినకర్మ నాడు ఏడుస్తూ ఏడుస్తూ ఓబులమ్మ నోట వచ్చిన పాట అది.

తబలా అతను సిద్ధమవుతుంటే వద్దని చెయ్యి ఊపాను. మైకు ముందు కళ్లు మూసుకుని ఓబులమ్మ ఒక్కతే పాడింది.

"మాపటేళ మందంతా మళ్లుకోని వచ్చెనే
మా చెన్నడొక్కడే యాడ నిలిచిపాయెనే"

పాట అయ్యాక హెడ్‌ఫోన్ తీశాను. "ఇది అందరూ వింటారమ్మా, నీకు ఇష్టమేనా?" అని అడిగాను.

"విననీలే అన్నా. వాని పేరు నలుగురి నోట్లో ఉంటే నాకదే శాలు" అంది.

భజనల కోసం చేసిన క్యాసెట్టు ఆ ఒక్క పాటకే అమ్ముడుపోయింది. పులివెందుల బస్సుల్లో డ్రైవర్లు అదే వేసేవారు. మైదుకూరు సంతలో టీకొట్ల దగ్గర జనం నిలబడి వినేవారు. మాస్టర్ టేప్, అంటే మొదట పాడిన అసలు టేపు, నా బీరువాలోనే ఉండేది. దాన్నుంచే కాపీలు తీసేవాణ్ణి.

తర్వాత ఒక ఆర్కెస్ట్రావాళ్లు ఆ ట్యూన్ పట్టుకుని, డ్రమ్ములు చేర్చి, పెళ్లి ఊరేగింపుల పాట చేశారు. చెన్నడు పోయి 'మా చిన్నదొక్కతే' వచ్చింది. కుర్రాళ్లు దానికి చిందులు వేశారు. ఎన్నికలు రాగానే ఒక పార్టీవాళ్లు 'మా అన్న ఒక్కడే గెలిచి నిలిచిపాయెనే' అని మార్చి జీపులకు మైకులు కట్టి తిప్పారు. అది జనంలోకి బాగా పోయింది. దాంతో అవతలి పార్టీవాళ్లు నా దగ్గరికి వచ్చారు.

"అదే ట్యూను మీద మాకొగటి కొట్టు మస్తానన్నా. 'మీ అన్న ఒక్కడే యాడ దాక్కుండెనే' అనుండల్ల."

"అది సచ్చినోని మీద ఏడ్సిన పాటప్పా. ఇంకేదన్నా ట్యూను కడదాం."

"సచ్చినోడు మావోడే అనుకో" అని నవ్వాడు వచ్చినాయన. నేను చేయనన్నాను. వాళ్లు వేరే ఊరు పోయి చేయించుకున్నారు. వారం తిరక్కుండా ఆ పాటా జీపులెక్కింది.

ఎన్నికలు ముగిశాక ఒక మిట్టమధ్యాహ్నం ఓబులమ్మ మెట్లెక్కి వచ్చింది. మనిషి సగమైపోయింది. నీళ్లిస్తే తాగకుండా చేతిలోనే పట్టుకుంది.

"రెండు జీపులూ మా ఇంటిముందర్నే తిరిగినాయన్నా. మావోన్ని సంపినోళ్లు ఆ రెండిట్లో ఒగదాంట్లో ఉండారు. వాళ్ల నోట్లో మావోని పాట."

"నేను చేసింది కాదు తల్లీ" అన్నాను.

"తెలుసు. నేనొచ్చింది అందుక్కాదు." గ్లాసు కింద పెట్టింది. "మొన్న వాని సంవత్సరీకం. సమాధికాడ కూసోని పాడబోయినా. నోరు తెరిస్తే 'మా అన్న ఒక్కడే' అని వచ్చె. నా నోటితోనే అన్నా! మా యమ్మ నన్ను అట్లే సూస్తాండాది. నాది నాకు ఒగసారి ఇనిపీ."

మాస్టర్ టేప్ తీసి వేశాను. తన గొంతు తానే వింటూ మెల్లగా కలిపి పాడింది. తమ్ముడి పేరు దగ్గరికి రాగానే నాలుక మళ్లీ 'మా అన్న' వైపు తిరిగింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. టేపు వెనక్కి తిప్పి మళ్లీ వేశాను. తప్పినప్పుడల్లా తిప్పాను. చివరికి "మా చెన్నడొక్కడే" అని తడబడకుండా వచ్చింది. ఆ మాట పలికాక ఇక పాడలేదు. మిగతా పాటంతా టేపులోని గొంతే పాడింది. ఆమె స్పీకర్ మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

ఆ పాట ఒక్కటే వేరే క్యాసెట్టుకు ఎక్కించి ఇచ్చాను. తర్వాత ఆమె ఎక్కడా పాడలేదని విన్నాను. భజనకు పిలిచినా పోయేది కాదట. సంవత్సరీకం రోజు టేప్ రికార్డర్ తెచ్చి సమాధి దగ్గర పెట్టి వినేదట. ఆమె పోయాక ఊళ్లో చెన్నయ్య పేరుతో ఆ పాట పాడేవాళ్లు లేరు. ట్యూన్ మాత్రం ఎవరో ఒక నాయకుని పేరుతో ఎన్నికల్లో ఇప్పటికీ వినబడుతుంది. ఈ కాలం పిల్లలకు అది పార్టీ పాట.

ట్యూన్‌కు కాపలా కాయడం ఎవరివల్లా కాదని ఈ పనిలో నాకు తెలిసివచ్చింది. అందుకే ఎవరైనా పోయినవాళ్ల మీద కట్టిన పాట పట్టుకొస్తే మైకు పెట్టకముందు ఒక మాట అడుగుతాను: "ఈ పాట మీ ఇంట్లో ఇంకెవరికొస్తాది?" ఎవరికీ రాదంటే, ముందు ఒకరికి నేర్పి రమ్మని తిప్పి పంపిస్తాను. కొందరికి కోపం వస్తుంది. పెద్ద చెప్పొచ్చావులే అని గొణుక్కుంటూ మెట్లు దిగిపోతారు. పోనీ అనుకుంటాను. ఇద్దరుగా తిరిగి వచ్చినవాళ్లూ ఉన్నారు.