నలుగురి బెంచీ మీద ఆరుగురు

మొన్న నిడదవోలులో మందుల షాపుకెళ్లి, పసివాడైన మనవడికి డైపరు ఒరుసుకున్న చోట రాయడానికి ఒక ట్యూబు కొని, కళ్లజోడు సవరించుకుని చూద్దును గదా, దానిమీద జింక్ ఆక్సైడ్ అని ఉంది. షాపతనికది తెల్లటి పూతమందు. నన్నొక ఏడాది పాటు నిద్రపోనివ్వని పొడి.

అప్పుడు నేను విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ పరిశోధన చేస్తుండేదాన్ని. పొలం కూలికి వెళ్లే మా అమ్మ పెనుగొండ దగ్గర మా ఊరి లూథరన్ గుడి కూడా ఊడ్చేది కనుక, ప్రతి ఆదివారం నా చదువు కోసం అందరూ ప్రార్థన చేసేవారు. అంతమంది ప్రార్థించాక తప్పితే ఊళ్లో మొహమెలా చూపించనని నా భయం.

జింక్ ఆక్సైడ్‌లో ఒక్కో జింక్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లుంటాయి. మామూలు గాలి ఒత్తిడికి దాదాపు తొంభై వేల రెట్లు నొక్కితే ఆరు ఇముడుతాయి, కరెంటు పారే తీరూ మారుతుంది. అది నేను చూపించాలి. పొడిలో సన్నటి తీగలు పెట్టి, నొక్కుతూనే కొలవమని మా గైడు గారు చెప్పారు. తీగలు రెండుసార్లు తెగేసరికి విసుగెత్తి, నొక్కిన పొడిని తీరిగ్గా బయటికి తీసి ఎక్స్‌రేలో చూస్తే పోలేదా అనుకున్నాను. ఎన్నిసార్లు తీసినా ఆ నాలుగే! వేసవిలోగా ఏదీ తేలకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, డిగ్రీ లేకుండా ఇంటికి రావాల్సిందే.

ఆ క్రిస్మస్ ఆరాధన అయ్యాక, అమ్మ గుడి ఊడుస్తుంటే నేను బెంచీలు తుడుస్తూ ఆవిడకిదంతా చెప్పుకుని ఏడ్చాను. నలుగురు పట్టే ఆ బెంచీల మీద అంతకు గంట క్రితమే వరసకు ఆరుగురు సర్దుకుని కూర్చున్నారు. అమ్మ చీపురాపి, "జనం లేచెళ్లిపోయాక ఉత్త బెంచీ చూత్తే ఏం తెలుత్తాదే పిచ్చిదానా? కూర్చున్నప్పుడు చూడాలిగానీ!" అంది.

పొడిని బయటికి తీసి నేను చూస్తున్నదీ ఆ ఉత్త బెంచీనే! తిరిగి వెళ్లి గైడు గారి దగ్గర తప్పు ఒప్పుకుని, ఓపిగ్గా తీగలు పెట్టాను. నొక్కగా నొక్కగా ఒకచోట మీటరు ముల్లు ఒక్కసారిగా కదిలింది. ఒత్తిడి తగ్గిస్తే వెంటనే కాక, పండగయ్యాక కూడా లేవబుద్ధి కాని జనంలా, కాస్త ఆలస్యంగా మొదటి చోటికొచ్చింది. మీటరు ముందే కూలబడి ఏడ్చేశాను.

డిగ్రీ వచ్చింది, రాజమండ్రిలో లెక్చరర్ ఉద్యోగమూ వచ్చింది. థీసిస్ మొదటి పేజీలో గైడు గారికీ, వర్క్‌షాపు మేస్త్రీకీ కృతజ్ఞతలు రాశాను. చీపురు పట్టే మనిషి మాటను సైన్సు పుస్తకంలో రాస్తే నవ్వుతారని సిగ్గుపడి అమ్మను వదిలేశాను. అమ్మ మాత్రం దాన్ని బైబిలు పక్కన పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపించేది. చదవడం రాదు కనుక, అందులో తను లేదని ఆవిడకు తెలియనే తెలియదు.

ఇప్పుడా గుడిలో బెంచీలు లేవు. ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి, ఎవరిది వాళ్లదే, పండగ నాడు కూడా జరగమని ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ ఒక పక్క అమ్మ భుజం, ఇంకో పక్క ఎవరిదో తడి పమిట ఒత్తుకుంటూ కూర్చున్న ఆ ఇరుకే నాకు దారి చూపించింది. ఆ మొదటి పేజీలో రాయాల్సిన మాట ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను: అదంతా నీ చలవేనమ్మా.