ఫార్మల్‌గా రమ్మన్నారు

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే కోదాడ నుంచి బావ ఫోన్ చేశాడు. బావ అంటే మా ఆయనకు అన్న. ఎన్నడూ నాకు నేరుగా ఫోన్ చేసే మనిషి కాదు. "మీ అక్క లేదమ్మా ఇగ" అన్నాడు. నిద్రలోనే పోయిందట. నాకు ఏడుపు రాలేదు, మాట వచ్చింది. "అదేంది బావా, ఇయ్యాల అక్కకు ఫోన్ చేద్దామనుకున్న" అన్నాను. ఏం మాటది! పోయేవాళ్ళు మన ఫోన్ల కోసం ఆగుతారా? కానీ నిజమే చెప్పాను. మా ఆయన రిటైర్మెంట్ ఫంక్షన్ దగ్గర పడింది. ఏ చీర కట్టుకోవాలో ఆమెను అడగాలి.

అక్క అని పిలిచాను గానీ తోడబుట్టింది కాదు, తోటికోడలు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. నా తోటికోడలూ నవ్వేది, పగలబడి నవ్వేది. అయితే నన్ను కూడా నవ్వించి గానీ వదిలేది కాదు.

నా పెళ్ళయిన కొత్తలో మిర్యాలగూడలో రెండు కుటుంబాలం ఒకే కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. మాది దామరచర్ల దగ్గర పల్లె, గొర్లున్న ఇల్లు. పదో తరగతితో చదువు ఆపేశాను. మా ఆయనేమో సాగర్ కాలువల ఆఫీసులో ఇంజనీరు. మాట్లాడితే ముత్యాలు రాలతాయన్నట్టు ఉండే మనిషి. ఈయనకు నేను నచ్చానా, పెద్దలు చెప్పారని తల వంచాడా అన్నది నాకు తెలియదు. అడిగే ధైర్యమూ లేదు.

ఒకనాడు ఆఫీసు నుంచి వచ్చి, పెద్దసారు బదిలీ మీద పోతున్నారని, సాగర్ గెస్ట్‌హౌస్‌లో విందు ఉందని చెప్పాడు. "ఆడోళ్లను గూడ ఫార్మల్‌గ రమ్మన్నరు" అని స్నానానికి పోయాడు.

ఫార్మల్‌గా అంటే నాకు తెలిసిన అర్థం ఒకటే. మా ఊళ్ళో కిట్టనివాళ్ళ ఇంటికి కూడా ఫార్మల్‌గా పిలుపు పోతుంది. మాట వరసకు పిలవడం, వాళ్ళు రాకపోతే సంతోషించడం. ఓహో, నేను రావద్దని ఇంత మర్యాదగా చెప్పాడన్నమాట అనుకున్నాను. గొర్లోళ్ల పిల్లను ఆఫీసర్ల మధ్యకు ఎవడు తీసుకుపోతాడు? వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చున్నాను. ఆ రోజు కూరకు అన్ని ఉల్లిగడ్డలు అక్కర లేదు.

అక్క గిన్నెలోకి తొంగి చూసి సంగతి రాబట్టింది. నవ్వలేదు. అన్నాల దగ్గర మా ఆయనకు పప్పు వడ్డిస్తూ అడిగింది: "ఏమయ్యా, ఫార్మల్‌గా పిలిచారా, ఫార్మల్‌గా తయారై రమ్మన్నారా?"

ఆయనకు అర్థం కాలేదు. అక్క విడమరిచి చెప్పింది. ఆయన ముద్ద కంచంలో పెట్టి నా వైపు చూశాడు. "మంచిగ తయారయి రమ్మన్నరు వదినె. ఆమె రాకుంటే నేను గూడ పోను" అన్నాడు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. ఆమె నవ్వు పెరటి దాకా వినబడింది. మా కాపురం అసలు మొదలైంది ఆ పప్పన్నం దగ్గరే అని నేను ఇప్పటికీ అంటాను.

ఇక చీర. నేను పెళ్ళిపట్టు తీశాను. వద్దంది. తన పెట్టెలోంచి ముదురాకుపచ్చ గద్వాల చీర తెచ్చి కట్టింది. అద్దం ముందుకు పోబోతే చెయ్యి పట్టి కుర్చీలో కూలేసింది. "నుంచుంటే అన్ని చీరలూ బాగుంటాయి. అక్కడ నువ్వు కూర్చునేదే ఎక్కువసేపు" అంది. కూర్చోబెట్టి, లేపి, మంచినీళ్ళు తాగించి, డాబా మెట్లు ఎక్కించి దింపింది. కొంగు జారిన చోటల్లా పిన్ను. ఆఖరుకు చెప్పిన మాట ఇది: "నీ చీరను ఎవరూ చూడరే పిల్లా. నువ్వు మాటిమాటికీ సర్దుకుంటా ఉంటే, అది చూస్తారు."

తరువాత వాళ్ళు కోదాడలో ఇల్లు కట్టుకున్నారు, మేము సూర్యాపేటకు వచ్చాం. మా ఆయనకు ఏ ప్రమోషన్ వచ్చినా, ఏ మీటింగుకు ఇద్దరినీ పిలిచినా కోదాడకు ఫోన్ పోయేది. రంగు సంగతి తర్వాత, ముందు ఎక్కడ కూర్చుంటావని అడిగేది. ఏసీ హాలంటే ఒక చీర, షామియానా అంటే ఒకటి. ఈ మధ్య వీడియో కాల్ వచ్చాక మరీ చోద్యం. ఫోను ఫ్రిజ్ మీద పెట్టి నేను నడుస్తుంటే, అవతల బావ టిఫిను కోసం అరుస్తున్నా లెక్కచేసేది కాదు. మరి తన చీరలకు ఆమె ఎవరిని అడిగేదో! బావనైతే కాదు.

దినాలకు కోదాడ పోయినప్పుడు చుట్టాలంతా నా ఫంక్షన్ చీర గురించి తలా ఒక మాట చెప్పారు. ఏడాది మైల, పట్టు వద్దని ఒకరు. స్టేజీ మీద శాలువా కప్పుతారు కాబట్టి పట్టే కట్టాలని ఇంకొకరు. కొత్తది కడితే అరిష్టమని మరొకరు. అందరివీ మంచి మనసులే. ఎక్కడ కూర్చుంటావని మాత్రం ఒక్కరూ అడగలేదు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. దూరపు చుట్టమొకామె నీళ్ళిచ్చి, తోటికోడలి కోసం ఇంతగా ఏడ్చేవాళ్ళను చూడలేదంది.

మొన్న ఆ రోజు రానే వచ్చింది. చీర నేనే తీసుకున్నాను, నేనే కట్టుకున్నాను. బాగుందో లేదో తెలియలేదు. అక్క కావాలనిపించింది. ఆమె చీరలు కాదు, ఆమె సలహా కూడా కాదు, ఆమె కావాలి. గది గుమ్మంలో మా ఆయన ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. ఎట్లుందని ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన్ను అడిగాను. అంచు నుంచి భుజం దాకా చాలాసేపు చూశాడు.

"నాకేం ఎరుక. వదినె చెప్పాలె గద" అన్నాడు.

కింద కారు హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఇద్దరం తయారై కూడా అక్కడే నిలబడ్డాం, ఇంకా ఎవరో వచ్చి ఒకసారి చూసి, ఇక వెళ్ళండి అనాలన్నట్టు.