దసరా నూనె తాగిన పియానో

వికారాబాద్‌లోని ఒక మిషన్ బడిలో మార్తమ్మ ఏళ్ల తరబడి పొద్దుటి ప్రార్థనకు పియానో వాయించింది. ఉద్యోగం మాత్రం ఆయా. సంగీతం టీచరు పని ఇవ్వమంటే "సర్టిఫికెట్ ఏదీ?" అన్నారు. ప్రార్థన కాగానే ఆ చేతులతోనే బాత్రూములు కడిగింది. ఆ ఓర్పును నేను పొగడను. దాన్ని వాడుకున్నవాళ్లను నిలదీయాలి.

నిజాం కాలంలో ఒక మిషన్ డాక్టరు భార్య మద్రాసు నుంచి రైల్లో తెప్పించిన పియానో అది. వెళ్లిపోతూ బడికి ఇచ్చింది. బడి మూతపడ్డాక యాజమాన్యం తాండూరులో పప్పుమిల్లు నడిపే పాండురంగం సేటుకు అమ్మేసింది. మార్తమ్మకు మాటమాత్రం చెప్పలేదు.

నిరుడు సేటు పోయాడు. మిల్లులో ఉన్న దాన్ని కొడుకు వినయ్ పాత సామానుకు వేస్తున్నాడని తెలిసి, హార్మోనియంలు బాగుచేసే యాకోబును వెంటబెట్టుకుని మార్తమ్మ తాండూరు బస్సెక్కింది.

"ఊకెనే తీస్కపో అమ్మా, జాగ ఖాళీ అయితది" అన్నాడు వినయ్.

యాకోబు మూత తెరిచి ముక్కు మూసుకున్నాడు. "అక్కా, దీంట్ల మిర్చి బజ్జీలు గిన కాల్చిండ్రా ఏంది?"

వినయ్ సిగ్గుపడ్డాడు. "మా బాపు దసరకు మిల్లు మిషిన్లకు పూజ చేసినప్పుడల్లా దీనికి సుత బొట్టువెట్టి, లోపల నూనె పోస్తుండె. ఎండిపోవద్దని."

యాకోబు నవ్వాడు. మార్తమ్మ నవ్వలేదు. "పానం వెట్టి చూస్కున్నడు పాపం. నన్నెవరు గంత మంచిగ చూడలె."

వికారాబాద్‌లోని యాకోబు దుకాణంలో పని నెలల తరబడి సాగింది. తీగలను కొట్టే ఉన్ని సుత్తులు నూనెకు ముద్దయ్యాయి. కొన్నిటిని తుడిచి ఆరబెట్టారు, చెడినవాటిని హైదరాబాద్ నుంచి తెప్పించారు. వేళ్లతో నొక్కే మెట్ల కింద పరిచే బట్ట దొరక్కపోతే పాత గొంగడి కత్తిరించి వేశారు. ఇప్పుడు పలుకుతోంది. కింది స్వరాలు కొంచెం బొంగురు.

మార్తమ్మది ఒంటిగది ఇల్లు, అందులో పట్టదు. ఒక హాస్టల్లో అడిగితే "పిల్లలు ఖరాబు చేస్తరు" అన్నారు. ఒక పెద్దమనిషి తన హాల్లో అద్దాల వెనక పెడతానన్నాడు, ఎవరినీ ముట్టనివ్వడట.

"ముట్టనియ్యకుంటె మిల్లుల ఉన్నా ఒకటే గద సారూ" అనేసి వచ్చింది మార్తమ్మ.

పియానో ఇంకా యాకోబు దుకాణపు రేకుల షెడ్డులోనే టార్పాలిన్ పట్టా కప్పుకుని ఉంది. వానలకు షెడ్డు కారుతోంది. చెక్క ఉబ్బితే బాగుచేయడం తన చేతిలో లేదంటున్నాడు యాకోబు.

బడో, హాస్టలో, గ్రంథాలయమో నడిపేవాళ్లు తడవని ఒక్క గోడ చూపించండి. మార్తమ్మను జీతమిచ్చి సంగీతం టీచరుగా పిలవండి. అది చేతకానివాళ్లు రేపే మీ పిల్లల బడికి వెళ్లి, ఈ పియానో మా పిల్లలకు ఎందుకు వద్దో చెప్పమని అడగండి. జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చోండి.